ఉన్నట్టుండి పెరటికోళ్లు చచ్చిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఓ పల్లెటూరు. పెరట్లో 14 పెట్టలు, 2 పుంజులు ఉండేవి, సగం నాటువి, సగం గ్రామప్రియ రకం. రోజుకి ఏడెనిమిది గుడ్లు వచ్చేవి. పోయిన వారం సంతలో ఇంకో రెండు పెట్టలు కొని వీటిలో కలిపాం. నాలుగు రోజుల నుంచి కోళ్లు మేత ముట్టట్లేదు, రెక్కలు వాల్చేసి కునుకుతున్నాయి, ఆకుపచ్చగా నీళ్లలా రెట్ట వేస్తున్నాయి, నోరు తెరిచి గురగురమంటూ గాలి పీలుస్తున్నాయి. ఇప్పటికి 5 చచ్చిపోయాయి. ఒకదానికి మెడ వెనక్కి తిరిగిపోయింది. తోలుగుడ్లు పెడుతున్నాయి. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి నీళ్లలో కలిపి పెట్టినా తేడా లేదు. బతికున్నవాటిని కోసుకు తినేయమని పక్కింటివాళ్లు అంటున్నారు. ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది. ఏం చేయమంటారు డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, మిగతాది తర్వాత చదవచ్చు, ముందు మీ ఊరి పశువైద్యశాలకి గానీ 1962 నంబర్‌కి గానీ ఫోన్ చేసి "నాలుగు రోజుల్లో 5 కోళ్లు పోయాయి" అని చెప్పండి. డాక్టర్ వచ్చేదాకా బతికున్న వాటిని వదలకుండా కట్టడి చేయండి, పాపని కోళ్ల దగ్గరికి అస్సలు పోనివ్వకండి. కోళ్లే కదా, గేదె అయితే ఫోన్ చేస్తాం గానీ అని చాలామంది ఊరుకుంటారు. అలా ఊరుకోబట్టే ఒక పెరట్లో మొదలైంది వారం తిరిగేసరికి వీధి వీధంతా ఖాళీ చేస్తుంది.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నాకు మొదట తట్టేది కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి గాలి పీల్చడం, తోలుగుడ్లు, మెడ తిరిగిపోవడం ఈ నాలుగూ ఒకే మందలో ఒకేసారి కనిపిస్తున్నాయంటే అనుమానం ముందు దానిమీదికే పోతుంది. పైగా సంతలో కొన్న పెట్టలు వచ్చిన కొద్ది రోజులకే మొదలైంది. ఈ వైరస్ ఒంట్లోకి చేరాక మామూలుగా ఐదారు రోజుల్లో బయటపడుతుంది, ఒక్కోసారి 2 రోజులకే, ఒక్కోసారి 15 రోజులు కూడా పట్టొచ్చు, కాబట్టి మీ లెక్క సరిపోతోంది. సంతలో కొన్న కోడి పైకి బాగానే ఉండి ఉండొచ్చు, ఊళ్లో జబ్బు తగలగానే ఉన్నవాటిని సగం ధరకి అమ్మేసుకోవడం మన దగ్గర మామూలే కదా, ఆ కోళ్లే సంతకి వస్తాయి.

అయితే ఫోన్‌లోనో రాతలోనో చూసి ఇది కొక్కెరే అని ఎవరైనా ఖాయంగా చెప్తే నమ్మకండి, నేను చెప్పినా సరే. ఎందుకంటే బర్డ్ ఫ్లూ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, మామూలు కంటికి తేడా తెలియదు. 2025 ఫిబ్రవరిలో మీ వైపే తణుకు దగ్గర వేల్పూరులోను, పెరవలి మండలం కానూరులోను ఫారాల కోళ్లకి భోపాల్‌లోని ప్రభుత్వ ల్యాబ్ హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ వైరస్, అని తేల్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. అందుకే ల్యాబ్ పరీక్ష తప్పనిసరి. బర్డ్ ఫ్లూలో తురాయి, గడ్డం కింద వేలాడే తమ్మెలు నీలంగా మారి వాచిపోవడం, కాళ్లమీద ఎర్రటి రక్తపు మచ్చలు, ఒక్కసారిగా పదులకొద్దీ చావడం ఎక్కువగా కనిపిస్తాయి. కానీ ఇవేవీ లేవు కాబట్టి అది కాదు అని తీసిపారేయడానికి మాత్రం వీల్లేదు.

డాక్టర్ వచ్చాక ఏం చూస్తారో చెప్తాను, అప్పుడు మీకూ అర్థమవుతుంది. అప్పుడే చనిపోయిన కోడిని కోసి, కందనకాయకి పైన ఉండే మెత్తటి సంచిని తెరుస్తారు. దాని లోపలి గోడమీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి, ఆ బుడిపెల కొసల మీద సూదితో పొడిచినట్టు ఎర్రటి రక్తపు చుక్కలు కనబడితే కొక్కెర మీద అనుమానం గట్టిపడుతుంది. బర్డ్ ఫ్లూలో కూడా అక్కడ రక్తం కనిపించొచ్చు, అందుకే గొంతులోంచి, రెట్ట మార్గంలోంచి దూదిపుల్లతో శాంపిల్ తీసి ఐస్ బాక్స్‌లో పంపుతారు. ఇది చదివి మీరే కత్తిపీట ముందేసుకుని కోసి చూడకండి, దయచేసి. చచ్చిన కోడిని చేతికి రెండు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని సంచిలో పెట్టి మూతి కట్టేసి నీడన చల్లటి చోట ఉంచండి చాలు. ఎండలో గంటలకొద్దీ పడి ఉన్న కోడిలోంచి ఏమీ తేలదు.

ఇలా హఠాత్తుగా చావడానికి వేరే కారణాలూ ఉన్నాయి, వాటిని కూడా డాక్టర్ ఆలోచిస్తారు. కోళ్ల కలరా అయితే నిన్న సాయంత్రం గుడ్డు పెట్టి తిరిగిన బలమైన పెట్ట పొద్దున గూట్లో చచ్చిపడి ఉంటుంది, కోసి చూస్తే కాలేయం మీద సూదిమొనంత తెల్ల చుక్కలు కనిపిస్తాయి, దానికి మందు ఉంది, త్వరగా మొదలుపెడితే పనిచేస్తుంది. కోళ్ల టైఫాయిడ్ అయితే పసుపు రెట్ట, కాలేయం ఉబ్బి కంచు రంగుకి తిరిగి ఉంటుంది. పొలంలో పురుగుమందు కొట్టిన రోజు గానీ, మందు పట్టించిన విత్తనం తిన్న రోజు గానీ గంటల్లో చాలా కోళ్లు ఒకేసారి నోట్లో నురగ కక్కి కాళ్లు తన్నుకుని పడిపోతాయి, పొట్ట నిండా గింజలు ఉంటాయి. వేసవి మధ్యాహ్నం అయితే ఎండదెబ్బ, కొవ్వు పట్టిన పెట్టలు ముందు పోతాయి. మెడ వేలాడేసి పడిపోతే, పక్కన ఎక్కడైనా పురుగులు పట్టిన కళేబరం ఉందేమో చూడాలి, ఆ పురుగుల్ని తిన్నా విషం ఎక్కుతుంది. మీ కోళ్ల మెడ వేలాడట్లేదు, తిరిగిపోతోంది, పైగా ఒకదాని తర్వాత ఒకటి నాలుగు రోజులుగా పోతున్నాయి, ఇది అంటుజబ్బు నడిచే తీరు. అందుకే విషం సంగతి నేను చివర్లో పెడతాను.

ఇక పొడి ఎందుకు పనిచేయలేదంటే, కొక్కెర వైరస్ జబ్బు, యాంటీబయాటిక్ వైరస్‌ని చంపదు. వైరస్ పట్టిన కోడికి మీద మీద వేరే బ్యాక్టీరియా పట్టకుండా డాక్టర్ ఒక్కోసారి ఇస్తారు, అది వేరే సంగతి. మీకిచ్చిన పొడి పేరు రాయలేదు గానీ, ఆ ప్యాకెట్ దాచి డాక్టర్‌కి చూపించండి. గుడ్లు పెట్టే కోళ్లకి ఇవ్వకూడని మందులు కొన్ని ఉన్నాయి, మందు గుడ్డులోకి వస్తుంది, అదే గుడ్డు మీ పాప తింటుంది. కొలిస్టిన్ అనే మందునైతే కోళ్లు, పశువుల్లో వాడకుండా 2019లోనే కేంద్రం నిషేధించింది. కాబట్టి మందు ఆపిన ఎన్ని రోజులకి గుడ్డు తినొచ్చో డాక్టర్‌ని అడిగే తినండి, అప్పటిదాకా వచ్చిన గుడ్లు పాతిపెట్టేయండి, అమ్మకండి.

బతికున్నవాటికి మీరు చేయగలిగింది కొంత ఉంది. మూలుగుతున్న వాటిని, ఆరోగ్యంగా ఉన్నవాటిని వేరు చేయండి. మేత, నీళ్లు ముందు మంచివాటికి పెట్టి ఆ తర్వాతే జబ్బు వాటి దగ్గరికి వెళ్లండి, అటు నుంచి ఇటు రావద్దు, వెళ్లిన చెప్పులు అక్కడే వదిలేయండి. చల్లటి శుభ్రమైన నీళ్లు, నీళ్లలో ఎలక్ట్రోలైట్ పొడి గానీ, అది లేకపోతే లీటరుకి ఒక చెంచా బెల్లం, చిటికెడు ఉప్పు గానీ కలిపి పెట్టండి, ఉప్పు ఎక్కువైతే కోళ్లకి ప్రమాదం, చిటికెడే. తాగలేనిదానికి ముక్కు పక్క నుంచి సిరంజితో చుక్క చుక్కగా పోయండి, తల పైకెత్తి గొంతులో పోసేస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడికక్కడే పోతుంది. సారా, కిరోసిన్ లాంటివి పోయమని ఎవరైనా అంటే వద్దు. మెడ తిరిగిన కోడి మేత పొడుచుకోలేదు కాబట్టి నూకల జావ ముద్దగా చేసి చేత్తో పెట్టండి, బి విటమిన్ చుక్కలు డాక్టర్ ఇస్తారు, కొన్ని తేరుకుంటాయి, కొన్నిటికి ఆ వంకర జీవితాంతం ఉండిపోతుంది. ఆశ మాత్రం ఎక్కువ పెట్టలేను, టీకా లేని మందలో కొక్కెర గట్టిగా కొడితే చాలావరకు పోతాయి.

కోసుకు తినమన్న సలహా మాత్రం వినకండి. తినడం కన్నా కోయడం, ఈకలు పీకడం, పేగులు తీయడం దగ్గరే అసలు ప్రమాదం ఉంది, వైరస్ అప్పుడే చేతులకి, ముక్కుకి, కళ్లకి తగులుతుంది. కొక్కెర మనుషులకి అంటితే కళ్లు ఎర్రబడి వారంలో తగ్గిపోతుంది, పెద్ద భయం లేదు. కానీ అది బర్డ్ ఫ్లూ కాదని ఇంకా తేలలేదు కదా. 2025 మార్చిలో నరసరావుపేటకి చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది, అందుకే నేను ఇంత గట్టిగా చెప్తున్నా. మీ ఇంట్లో కోళ్లని ముట్టుకున్న ఎవరికైనా ఈ పది రోజుల్లో జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆసుపత్రిలో "మా కోళ్లు చచ్చిపోయాయి" అన్న మాట ముందే చెప్పండి. షాపులో కొన్న ఆరోగ్యమైన కోడిమాంసం, గుడ్లు బాగా ఉడికించి తింటే భయం లేదు, 70 డిగ్రీల వేడి లోపలిదాకా తగిలితే వైరస్ చస్తుంది.

చచ్చినవాటిని కాలవలో వేయకండి, మీ జిల్లాలో ఇది మరీ ముఖ్యం, ఒక కాలవ నీళ్లు ఎన్ని ఊళ్లు తిరుగుతాయో మీకు చెప్పక్కర్లేదు. శాంపిల్ తీశాక నడుములోతు గొయ్యి తీసి కిందా పైనా సున్నం చల్లి పూడ్చేయండి, కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పెట్టండి. బర్డ్ ఫ్లూ అని తేలితే చుట్టూ కిలోమీటరు పరిధిలో కోళ్లని చంపాల్సి వస్తుంది, బాధే, కానీ దానికి ప్రభుత్వ పరిహారం ఉంది, పెరటికోళ్లకి కూడా. ఆ భయంతో దాచిపెడితే పరిహారమూ రాదు, జబ్బూ ఆగదు.

కొక్కెర అని తేలితే మిగిలిన ఆరోగ్యమైన వాటికి, పక్కిళ్ల కోళ్లకి టీకా ఎప్పుడు వేయాలో డాక్టర్ చెప్తారు. ఈ జబ్బుని మన దేశంలో 1927లో గుర్తించారు, దాదాపు నూరేళ్లు, మంచి టీకాలు ఎప్పట్నుంచో ఉన్నాయి, అయినా పెరటికోళ్లు ఏటా చస్తూనే ఉన్నాయి. కారణం ఏంటంటే టీకా సీసా 100 డోసులో 500 డోసులో వస్తుంది, ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడేయాలి, మీ దగ్గర చూస్తే పదిహేను కోళ్లు, ఎవరు తెరుస్తారు సీసా? అందుకే ఒక్కరే అడక్కండి. గుడ్ల డబ్బుతో చీటీలు కట్టుకునే ఆడవాళ్లు ఆ వీధిలో మీలాగే ఇంకో పదిమంది ఉంటారు, డ్వాక్రా సంఘం మీటింగ్‌లో మాట్లాడి ఒకే రోజు ఒకేచోటికి కోళ్లని గంపల్లో తెమ్మనండి, పొద్దున్నే చల్లటి వేళ, ఐస్ మీద టీకా పెట్టుకుని పశువైద్య సహాయకుడు వస్తే గంటలో వందకోళ్లకి అయిపోతుంది. కోడిపిల్లలకి 5 నుంచి 7 రోజుల లోపు కంట్లో ఒక చుక్క లసోటా అనే కొక్కెర టీకా, నాలుగో వారం మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో రెక్క దగ్గర చర్మం కిందకి అర మిల్లీలీటర్ ఆర్2బి అనే ఇంకో కొక్కెర టీకా, తర్వాత ఆరునెలలకోసారి డాక్టర్ చెప్పిన టీకా. ఆర్2బి మాత్రం గుడ్లకి రాకముందే వేయించండి, గుడ్లు పెట్టే కోడికి వేస్తే కొన్నాళ్లు గుడ్లు తగ్గుతాయి. వేయడానికి వారం ముందు నులిపురుగుల మందు ఇస్తే టీకా బాగా పడుతుంది.

కొత్త కోళ్లు తెచ్చుకోవడానికి తొందరపడకండి. చివరి కోడి పోయాక గూట్లో రెట్ట, గడ్డి అంతా గీకి కాల్చేసి, సబ్బునీళ్లతో కడిగి, సున్నం కొట్టి, ఎండ తగిలేలా తలుపులు తీసి కనీసం నాలుగు వారాలు ఖాళీగా ఉంచండి. తర్వాత తెచ్చేవి సంతలో కాకుండా టీకా వేసిన కోడిపిల్లల్ని ఇచ్చే చోట తీసుకోండి, గ్రామప్రియ లాంటివి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసినవే, మీ పశువైద్యశాలలో అడిగితే ఎక్కడ దొరుకుతాయో చెప్తారు. తెచ్చాక కూడా రెండు వారాలు వేరే గంపలో, పాతవాటికి దూరంగా ఉంచి, రెట్ట, మేత బాగున్నాయనుకున్నాకే కలపండి.