ఫోను కొనే ముందు ఇది చదువు

అమలాపురం,
ఆదివారం, తెల్లవారుజాము

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు మొదటి జీతం పడిందట, ఆ డబ్బుతో ఫోను కొనుక్కుంటున్నావట. వినగానే కళ్ళు చెమర్చాయి. ప్లాస్టిక్ బొమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మా అరుగు మీద కూర్చుని, "నాన్నా, కువైట్ నుంచి ఎప్పుడొస్తావ్?" అని గంటలు గంటలు మాట్లాడిన పిల్లవి. ఇప్పుడు నీ సంపాదనతో నువ్వే కొనుక్కుంటున్నావు. దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చాను.

ఆ తర్వాత మీ అమ్మ మిగతాది చెప్పింది. మీ ఆఫీసు అమ్మాయికి తెలిసినవాళ్ళెవరో ఐఫోను 22 వేలకే ఇస్తున్నారట, డబ్బా పోయిందట, బిల్లు లేదట, ఈ శనివారమే తీసుకుంటున్నావట. అప్పటినుంచి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఎంతలో కొనాలో హాస్టల్ గదిలోనే అనుకుని బయల్దేరు. షాపులో కూర్చున్నాక అనుకుంటే 15 వేలు కాస్తా 20 అయిపోతుంది. 5జీ ఉండాలి, 128 జీబీకి తక్కువ స్టోరేజీ వద్దు. బాక్సులో ఛార్జర్ ఉందో లేదో అడుగు, కొన్ని కంపెనీలు ఇవ్వడం మానేశాయి. "8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ ర్యామ్" అని రాసి ఉంటే ఆ రెండో ఎనిమిదిని లెక్కలో వేసుకోకు. స్టోరేజీలోంచి కొంత తీసి ర్యామ్ పనికి వాడతారంతే, అసలు ర్యామ్ అంత వేగంగా పనిచేయదు. ఇది మీ బావ చెప్పిన మాట.

కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు అని అందరూ అడుగుతారు. నువ్వు మాత్రం అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారని అడుగు. నా పాత ఫోను చూశావుగా, గీత కూడా పడలేదు, అద్దంలా ఉండేది. అయినా ఒకరోజు బ్యాంకు యాప్ తెరవబోతే "ఈ ఫోనులో ఇక పనిచేయదు" అని వచ్చింది. పెన్షన్ పడిందో లేదో చూసుకోవడానికి మళ్ళీ పాస్‌బుక్ పట్టుకుని క్యూలో నిలబడ్డాను. గూగుల్ వాళ్ళు పిక్సెల్ 8 దగ్గర్నుంచి, శాంసంగ్ వాళ్ళు ఎస్24 దగ్గర్నుంచి ఏడేళ్ళు అప్‌డేట్లు ఇస్తామన్నారు. అవి ఖరీదైనవే. కానీ శాంసంగ్‌లోనే ఏ16 5జీ లాంటి మామూలు ధర ఫోనుకి కూడా ఆరేళ్ళు ఇస్తామని చెప్పారు. మనవాళ్ళం ఫోను కొంటే నాలుగైదేళ్ళు వాడతాం. అందుకని ఈ ఒక్క ప్రశ్న గట్టిగా అడుగు. పాత ఐఫోను కొన్నా అంతే, ఆ మోడల్ వచ్చి ఎన్నేళ్ళయింది, ఇంకా ఎన్నాళ్ళు అప్‌డేట్లు వస్తాయి అన్నది చూసుకోవాలి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

నేను పోస్టాఫీసు కౌంటర్‌లో 31 ఏళ్ళు కూర్చున్నాను. వంద రూపాయల మనియార్డరుకైనా రసీదు చేతికివ్వకుండా ఎవర్నీ పంపలేదు. సంతకం కాస్త తేడాగా ఉంటే తెలిసినవాళ్ళకి కూడా డబ్బు ఇవ్వలేదు, అందుకు బంధువులు కూడా నా మీద అలిగారు. అలాంటి నేను 2016 జూన్‌లో బిల్లు లేని ఫోను కొన్నాను.

మీ బావ పాలిటెక్నిక్‌లో చేరి కాకినాడ హాస్టల్‌కి వెళ్తున్నాడు. హాస్టల్లో అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్లున్నాయి, వాడి దగ్గర లేదు. వాడు నోరు తెరిచి అడగలేదు, అదే నన్ను ఇంకా కోసింది. బస్టాండు పక్కన చిన్న షాపులో 13 వేల ఫోను 6,500కి ఉందన్నారు. చూశాను, కొత్తదానిలా మెరుస్తోంది. బిల్లు అడిగాను. "రేపు ఇస్తానమ్మా, మీరు ఊళ్ళోవాళ్ళేగా" అన్నాడు. డబ్బా ఏదన్నాను. గోడౌన్‌లో ఉందన్నాడు. నేను తలూపి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున్న అయిదూ నలభై అయిదుకి ఆ ఫోను మోగింది. వంటింట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చి చూశాను. ఎవరూ ఫోన్ చెయ్యలేదు, అలారం. తెర మీద పెద్ద అక్షరాలతో "నాన్న మాత్ర" అని ఉంది. అమ్మినవాడు ఫోటోలు తీసేశాడు, నంబర్లు తీసేశాడు, అలారం సంగతి మరిచిపోయాడు.

నాకు అక్కడే అర్థమైంది తల్లీ. తండ్రికి వేళకి మాత్ర వెయ్యాలని అలారం పెట్టుకున్న మనిషి, ఆ అలారం తియ్యకుండా ఫోను అమ్ముకోదు. అంత తెలిసీ ఏం చేశానో తెలుసా? మీ బావని లేపి "ఇదేదో మోగుతోంది, తీసెయ్‌రా" అన్నాను. వాడు అలారం ఒక్కటి తియ్యడం ఎందుకని ఫోను మొత్తం రీసెట్ కొట్టాడు. నేను పక్కనే నిలబడి చూశాను. రెండు నిమిషాల్లో తెర తెల్లబడి, కంపెనీ పేరు వచ్చి, కొత్త ఫోను అయిపోయింది.

నవంబరు వచ్చింది. పెద్దనోట్ల రద్దు రోజులు. పాత అయిదు వందలు, వెయ్యి నోట్లు పట్టుకుని జనం మా ఆఫీసు గేటు బయటదాకా నిలబడ్డారు. మేము మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా పనిచేస్తున్నాం. ఆ రద్దీలో నాకు ఫోన్ వచ్చింది, పోలీసు స్టేషన్ నుంచి. ఫోనులో ఉన్న సిమ్ నా పేరు మీదే ఉంది కదా, ప్రతి ఫోనుకీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు పట్టుకుని నా దాకా వచ్చేశారు. "మీ దగ్గర ఉన్నది దొంగిలించిన ఫోను, తీసుకుని రండి" అన్నారు. ఎదురుగా అంత క్యూ, నా చేతిలో నోట్ల కట్ట. లెక్క మూడుసార్లు తప్పింది.

మీ బావని కాకినాడ నుంచి పిలిపించాను. పదహారేళ్ళవాడు, స్టేషన్ బెంచీ మీద పొద్దుట్నుంచి మధ్యాహ్నం మూడింటిదాకా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, తల ఎత్తలేదు. ఎక్కడ కొన్నారు, ఎంతకి, బిల్లేది. రసీదులు ఇచ్చి ఇచ్చి రిటైరవబోతున్న దాన్ని, ఆ రోజు చూపించడానికి నా దగ్గర చీటీ ముక్క లేదు. షాపుకి తీసుకెళ్తే షట్టర్ వేసి ఉంది, అప్పటికి రెండు నెలలైందట. స్టేట్‌మెంట్ రాయించుకుని మమ్మల్ని వదిలేశారు. మా మాట నమ్మారు, అది మా అదృష్టం.

ఆ ఫోను మనిషి కూడా వచ్చింది. నా కంటే చిన్నది, బట్టలు కుట్టే ఆవిడట, కొంగుకి ఇంకా దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఫోను చేతికివ్వగానే తెరిచింది. పైకీ కిందికీ జరిపి చూసింది, ఆపి, మళ్ళీ చూసింది. తర్వాత నా వైపు తిరిగి అంది, "ఇందులో మా నాన్న ఉన్నాడండీ. ఆగస్టులో పోయాడు. ఆయన మాటలు రికార్డు చేసుకున్నాను. ఏవండీ?"

నేను ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పటికీ అయిదూ నలభై అయిదుకి మెలకువ వచ్చేస్తుంది.

గొంతు పోవడమంటే ఏమిటో మన ఇంట్లో తెలియనిది కాదు. మీ నాన్న 1993లో కువైట్ వెళ్ళినప్పుడు మనకి ఫోనెక్కడిది? ఊళ్ళోకి వచ్చేవాళ్ళ చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. అక్కడ గంటసేపు మాట్లాడి రికార్డు చేసేవాడు. మీ నాన్నమ్మ టేప్ రికార్డర్ ముందు పీట వేసుకుని కూర్చుని, వాడు "అన్నం తిన్నావా అమ్మా" అంటే "తిన్నాను నాన్నా, ఇవాళ గోంగూర చేశాను" అని దానికి సమాధానం చెప్పేది. మేము నవ్వితే కసిరేది. ఆ క్యాసెట్లు మూడు ఇంకా నా బీరువాలో చీరల కింద ఉన్నాయి. అవి ఎవరైనా ఎత్తుకెళ్ళి తుడిచేస్తే నేను ఊరుకుంటానా? మరి ఆవిడ తండ్రిని తుడిచేసింది నేను.

అందుకే చెబుతున్నాను, బిల్లు లేని ఫోను ముట్టుకోకు. నీ డబ్బు పోతుందన్న భయం కాదు నాది. నువ్వు ఒక్కదానివి హైదరాబాదులో ఉన్నావు. స్టేషన్ బెంచీ మీద కూర్చోవాల్సి వస్తే పక్కన నేను ఉండను. దొంగసొత్తు అని తెలిసి తీసుకుంటే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. తెలియదని చెప్పినా, బిల్లు లేకుండా సగం ధరకి ఎందుకు కొన్నావని అడుగుతారు. మన దగ్గర జవాబు ఉండదు.

సెకండ్ హ్యాండ్ అసలు వద్దనడం లేదు. కొనాలనే ఉంటే ఇలా చెయ్యి. ఆ ఫోనులో *#06# నొక్కించు. 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది, రెండు సిమ్‌ల ఫోనైతే రెండు వస్తాయి. అది డబ్బా మీద, బిల్లు మీద ఉన్న నంబరుతో ఒక్కో అంకె కలిపి చూడు. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పెట్టు. ప్రభుత్వం వాళ్ళ సంచార్ సాథీ యాప్‌లో కూడా చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడకంలో ఉందనో వస్తే కొనకూడదు. మా కాలంలో ఈ మెసేజ్, ఈ యాప్ ఏవీ లేవు, సంచార్ సాథీ పోర్టల్ 2023 మేలో వచ్చింది. నీ చేతిలో ఉన్నప్పుడు వాడుకో. ఐఫోనైతే అమ్మేవాళ్ళు నీ ఎదురుగానే వాళ్ళ ఆపిల్ అకౌంట్ తీసెయ్యాలి, లేకపోతే అది తాళం వేసిన పెట్టె. ఇవన్నీ అడిగితే వాళ్ళు విసుక్కుంటే లేచి వచ్చెయ్. మంచి మనిషైతే విసుక్కోదు.

నా మాట వింటే మాత్రం కొత్తదే కొనుక్కో, 15 వేలదైనా సరే. బిల్లు మీద నీ పేరు, ఐఎంఈఐ నంబరు, షాపు జీఎస్టీ నంబరు ఉన్నాయో లేదో అక్కడే చదువు. ఫోను ధర మీద 18 శాతం జీఎస్టీ నువ్వు కడుతూనే ఉన్నావు, బిల్లు నీ హక్కు. రేపు ఫోను పోతే బ్లాక్ చేయించడానికి కూడా పోలీసు ఫిర్యాదుతో పాటు ఆ బిల్లే అడుగుతారు. వారంటీ ఏడాది. నీళ్ళలో పడితే వారంటీ రాదు, డబ్బా మీద ఐపీ68 అని, అంటే నీళ్ళని తట్టుకుంటుందని, రాసి ఉన్నా సరే.

ఈఎంఐ వద్దు. "నో కాస్ట్" అంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ అని ఏదో ఒకటి కలుస్తుంది. మొదటి జీతానికే అప్పు ఎందుకమ్మా? తక్కువైతే నన్నడుగు. నా పెన్షన్ ఎవరి కోసం?

బ్యాటరీ సంగతి కూడా చూసుకో. నువ్వు రాత్రి పదింటికి క్యాబ్‌లో వస్తావని మీ అమ్మ చెప్పింది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఇప్పుడు మామూలు ఫోన్లలోనే వస్తోంది, అంతకి తగ్గకు. కొన్న రోజే సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఆన్ చేసుకో. చాలా ఫోన్లలో పవర్ బటన్ వరసగా అయిదుసార్లు నొక్కితే 112కి కాల్ వెళ్తుంది. అందులో నా నంబరు, మీ అమ్మ నంబరు పెట్టు. ఏ వేళైనా ఎత్తుతాను. తిట్టాననుకోకు. నువ్వు నా కడుపున పుట్టకపోయినా నా చేతుల్లోనే పెరిగావు.

ఇంకొక్కటి. కొత్త ఫోను రాగానే సంబరంలో పాతది తుడిచెయ్యకు. మీ నాన్న కువైట్ నుంచి పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయిగా, నీ పరీక్షల రోజుల్లో రోజూ పొద్దున్న పంపేవాడు. వాట్సాప్ బ్యాకప్ తీసి, కొత్త ఫోనులోకి వచ్చాయో లేదో ఒక్కొక్కటీ నొక్కి విను. అన్నీ వచ్చినా పాతది ఎవరికీ అమ్మకు, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకు. రెండు వేలు తగ్గిస్తారు, అంతే కదా, ఆ రెండు వేలు నేనిస్తాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా. క్యాసెట్ల పక్కన పెడతాను.

శనివారం డబ్బు కట్టే ముందు షాపులోంచే నాకు ఫోన్ చెయ్యి. కట్టాక బిల్లు ఫోటో తీసి పంపు, నంబరు నేను కూడా రాసి పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య