బుర్రకథ అయ్యాక మాత్రల మాట గుర్తుండాలంటే

గర్భిణుల ఆరోగ్యం మీద గంటన్నర బుర్రకథ చెప్పించినా జనం హాస్యం వంతకు (కథకుడి పక్కన ఉండి నవ్వించే వంతగాడికి) నవ్వుకుని వెళ్లిపోయారని, మర్నాడు ఐరన్ మాత్రల సంగతి ఎవరూ చెప్పలేకపోయారని మీరు రాశారు. లోపం కళాకారులది కాదండీ, కథది. రక్తహీనత, టీకాలు, కాన్పు, ముర్రుపాలు అన్నీ ఒకే రాత్రిలో కుక్కారు. రాత్రికి ఒక్క విషయం, నలభై నిమిషాలు చాలు.

ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు అని చెప్పేసి ఊరుకుంటే లాభం లేదు. మధ్యలో ఎందుకు మానేస్తారన్నదే కథ కావాలి. వికారం, మలబద్ధకం, మలం నల్లబడితే భయం, "బిడ్డ లావైతే కాన్పు కష్టం" అనే అత్తగారి మాట. ఈ సందేహాలన్నీ హాస్యం వంత నోటే పలికించండి. జవాబు మాత్రం కథకుడే చెప్పాలి, అక్కడ నవ్వు వద్దు: నల్లబడటం మామూలే, వికారముంటే అన్నం తిన్నాక వేసుకోవాలి, ఐరన్ మాత్రకీ, టీ, పాలు, క్యాల్షియం మాత్రలకీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఈ ఎడం మాటనే పల్లవిగా కట్టి, మూడుసార్లు జనం చేత "తందాన తాన" అనిపించండి.

గర్భిణి పాత్రను చంపి ముగించకండి. నిండు గర్భిణులు బెదిరి మధ్యలోనే లేచిపోతారు, మళ్లీ రారు.

అత్తలూ భర్తలూ రావాలంటే అన్నాలయ్యాక, ఎనిమిదింటికి మొదలుపెట్టండి. రచ్చబండ దగ్గర ఒక్కచోటే ఆడితే కొన్ని వాడలవాళ్లు రారు. ఎస్సీ కాలనీలో విడిగా ఇంకో రాత్రి పెట్టండి. దరువు ఆగగానే ఆశా కార్యకర్త మాత్రలతో అక్కడే ఉండాలి.