లాగే ముందు చూడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఎలుక తోక టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటి కణజాలాన్ని) మైక్రోస్కోపు కింద సాగదీసే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. ఆ పని నేను ఏళ్ల తరబడి చేశాను, చెడగొట్టాను కూడా.

తోక కొస విరిచి పోగులను ఒక్క గుంజుతో లాగేయకు. త్వరగా వస్తాయి కానీ, నువ్వు కొలవాల్సిన సాగుడు అక్కడే అయిపోతుంది. చర్మం చీల్చి, నిదానంగా విడదీయి.

బరువు వేయకముందే ఒకసారి తీరిగ్గా చూడు. ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరైజర్ల (ఒకే దిశలో కంపించే వెలుతురునే వదిలే పలకల) మధ్య పోగును ఉంచితే దాని మీద నల్లచారలు వరసగా కనిపిస్తాయి. మైక్రోస్కోపు స్టేజీని, అంటే పోగు ఉంచిన బల్లను, కాస్త తిప్పు, చారలు జరుగుతాయి. పోగులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ తంతువులు తిన్నగా లేవన్నమాట. జడ విప్పిన జుట్టులా వంకీలు తిరిగి ఉన్నాయి. మనవాళ్లు క్రింప్ అనేది వీటినే. నాకు ఇప్పటికీ ఇంతకంటే అందమైన దృశ్యం ఆ గదిలో లేదు.

ఇక లాగు. 20 మిల్లీమీటర్ల పోగును 0.4 మిల్లీమీటర్లు లాగితే రెండు శాతం సాగినట్టు. అంతవరకూ బరువు పెద్దగా పడదు, వంకీలు విచ్చుకుంటాయంతే. చారలు మాయమయ్యే చోటికి కాస్త అటూ ఇటూగా సాగుడుకు ఎంత బరువో చూపే గ్రాఫు నిటారుగా లేస్తుంది. అక్కడినుంచి అణువులే సాగాలి, తంతువులు ఒకదాని పక్కన ఒకటి జారాలి. సాధారణంగా నాలుగు శాతం దాటితే లోపల అక్కడక్కడ తెగడం మొదలవుతుంది.

యంత్రం చూపే పొడవును మాత్రం నమ్మకు. పోగును పట్టుకునే యంత్రపు దవడల్లో అది జారుతుంది. దవడలకు గరుకు కాగితం అంటించి, పోగు మీద సిరాతో రెండు చుక్కలు పెట్టి, ఆ చుక్కల మధ్య దూరమే కొలువు. మొదటి గ్రాఫు ఎప్పుడూ తేడాగానే వస్తుంది. తక్కువ సాగుడుతో పదిసార్లు లాగి వదిలాక కుదురుకుంటుంది.

ఒకసారి దీపం వేడికి నా పోగు ఎండిపోయింది. అది బిరుసెక్కితే, గొప్ప గట్టి టెండన్ దొరికిందని వారం రోజులు మురిసిపోయాను! పోగు మీద సెలైన్ (ఉప్పునీటి) చుక్క ఆరనివ్వకు.

పొడవు మార్చకుండా పట్టి ఉంచినా బరువు అంకె మెల్లగా దిగుతుంది. అది యంత్రం లోపం కాదు, కంగారుపడకు. వదిలేశాక పది నిమిషాలు ఆగి మళ్లీ చూడు. చారలు మునుపటిలా రాకపోతే ఆ పోగును రెండోసారి వాడకు.

మీ పెదనాన్న