ఒడిశాలోని పర్లాకిమిడి వైపు చిన్న డిగ్రీ కాలేజీలో ఏ పనికి ఎవరిని కలవాలి?

మీ చెల్లెలు కొత్తగా చేరింది, ఆఫీసులో అంతా ఒడియాలోనే మాట్లాడుతున్నారని టెన్షన్ పడుతోందని రాశారు. పాఠాలు చెప్పేవాళ్లు లెక్చరర్లు. కాగితాలపై అసిస్టెంట్ ప్రొఫెసర్ అని ఉంటుంది, పిల్లలు మాత్రం సార్, మేడం అంటారు. సైన్సు ల్యాబుల్లో ప్రయోగాలు చూసుకునేది డెమాన్‌స్ట్రేటర్.

ఆఫీసులో ముఖ్యమైన మనిషి హెడ్ క్లర్కు. ఒడియాలో 'బడబాబు' అంటారు. ఫీజు రసీదు, స్కాలర్‌షిప్ కాగితం, పరీక్ష ఫారం అన్నీ ఆ బల్ల మీదుగానే కదులుతాయి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: మనం టీసీ అనేదాన్ని అక్కడ సీఎల్‌సీ (కాలేజ్ లీవింగ్ సర్టిఫికెట్) అంటారు. టీసీ కావాలని అడిగితే ఒక్కోసారి అర్థంకాక మళ్లీ రమ్మంటారు. ఒడిశాలో డిగ్రీ అడ్మిషన్లు శామ్స్ (SAMS) అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా జరుగుతాయి కాబట్టి ఆ దరఖాస్తు ప్రింటు జాగ్రత్తగా దాచుకోమనండి.

తెలుగు లెక్చరర్ ఉంటే మొదటి వారంలోనే వెళ్లి పరిచయం చేసుకోమనండి. మన పిల్లలకు ఆఫీసు భాష విడమరచి చెప్పేది ఎక్కువగా వాళ్లే. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెబుతూ అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నది పర్లాకిమిడిలోనే. పక్కవాడి భాష నేర్చుకునే పంతుళ్లు ఆ ఊరికి కొత్త కాదు. మీ చెల్లెల్ని కూడా రోజుకు నాలుగు ఒడియా మాటలు పట్టుకోమనండి, బడబాబు దగ్గర పని తేలికవుతుంది.