రిపోర్టులో ‘చనుమొన నీడ కావచ్చు’ అని రాశారు. క్యాన్సరా?

శుక్లాల ఆపరేషన్‌కి ముందు తీసిన ఎక్స్‌రేలో మీ నాన్నగారికి కుడి ఊపిరితిత్తి కింది భాగంలో చిన్న గుండ్రటి నీడ ఉందన్నారు, మార్కర్‌తో మళ్లీ తీయమన్నారు, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని రాశారు. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఇలాంటి ఫిల్ములు మా దగ్గరికి తరచూ వస్తాయి, మగవాళ్లవి కూడా.

మార్కర్ అంటే సూదీ కాదు, మందూ కాదు. చనుమొన మీద చిన్న లోహపు గుండు ప్లాస్టర్‌తో అంటించి మళ్లీ ఫిల్మ్ తీస్తాం. గుండు ఆ నీడ మీదే పడితే అది చనుమొనే. రెండూ వేరువేరు చోట్ల పడితే డాక్టర్ సీటీ స్కాన్ రాస్తారు. ‘చనుమొనైతే రెండు వైపులా కనబడాలి కదా’ అని చాలామంది వాదిస్తారు. అక్కర్లేదు. మనిషి కాస్త పక్కకి తిరిగి నిలబడినా ఒకటే కనబడుతుంది.

మాకు ఇంతకన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది జడ. బిగించి అల్లిన జడ భుజం మీద పడితే ఊపిరితిత్తి పైభాగంలో మసక చార వస్తుంది. పెద్దవాళ్లలో టీబీ కూడా ఎక్కువగా కనబడేది అక్కడే! ఒకసారి వేరే చోట తీసిన ఫిల్మ్ పట్టుకుని ఓ కాలేజీ అమ్మాయిని తీసుకొచ్చారు. టీబీ అనుమానమని చెప్పారట, తల్లి ఏడుపు ఆపడం లేదు. ఆ చార ఊపిరితిత్తి హద్దు దాటి మెడ దాకా పోయింది. జడ పైకి ముడి వేయించి మళ్లీ తీశాం. చార లేదు. రేడియాలజిస్ట్ చూసి నార్మల్ అని రాశారు.

మంచం మీదే పడుకోబెట్టి తీసిన ఫిల్ములో గుండె అసలుకన్నా పెద్దగా కనబడుతుంది. ఊపిరి సరిగ్గా పీల్చకపోయినా అంతే. చంటిపిల్లల్లో గుండె పైన వెడల్పుగా కనబడేది చాలాసార్లు థైమస్ అనే మామూలు గ్రంథి, గడ్డ కాదు.

వెళ్లేటప్పుడు నాన్నగారి పాత ఎక్స్‌రేలు ఉంటే తప్పకుండా పట్టుకెళ్లండి. అదే నీడ ఏళ్ల కిందటి ఫిల్ములోనూ మారకుండా ఉంటే డాక్టర్‌కి సగం పని తగ్గినట్టే. బీడీ, చుట్ట అలవాటుంటే దాచొద్దు. దగ్గులో రక్తం, బరువు తగ్గడం లాంటివి ఉంటే మార్కర్ ఫిల్మ్ బాగానే వచ్చినా డాక్టర్‌కి చెప్పాల్సిందే. ఆపరేషన్ డేటు మాత్రం ఇప్పుడే మీ అంతట మీరు రద్దు చేసుకోకండి. మార్కర్ ఫిల్మ్ మామూలుగా అదే రోజు చేతికొస్తుంది, అది చూపించి కంటి డాక్టర్‌నే అడగండి.