పాఠకుల సందేహాలు: మొక్కల సారాలు, యాంటీఆక్సిడెంట్లు

ప్రశ్న: మా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం మునగాకును మిథనాల్‌లో నానబెట్టి తీసిన సారాన్ని పరీక్షిస్తే, దాని యాంటీఆక్సిడెంట్ శక్తి విటమిన్ సికి దగ్గరగా వచ్చిందట. అప్పటినుంచి నేను రోజూ పరగడుపున మునగాకు రసం తాగుతున్నాను. దీనివల్ల మధుమేహం, గుండె జబ్బు రాకుండా ఉంటాయా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మాయి చేసిన పరీక్షలో లోపం లేదు. అయితే మీరు తీసుకున్న నిర్ణయానికి ఆ పరీక్ష ఆధారం కాజాలదు. ఇటువంటి ప్రాజెక్టుల్లో ఎక్కువగా వాడేది డీపీపీహెచ్ పరీక్ష. 1958లో బ్లాయిస్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ పద్ధతిలో, ముదురు ఊదారంగులో ఉండే డీపీపీహెచ్ అనే స్థిరమైన ఫ్రీ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు) ద్రావణానికి మొక్క సారాన్ని కలుపుతారు. సారంలోని ఫినాలిక్ పదార్థాలు ఆ రాడికల్‌కు హైడ్రోజన్‌ను గానీ ఎలక్ట్రాన్‌ను గానీ అందించినకొద్దీ ఊదారంగు తగ్గి లేత పసుపురంగు వస్తుంది. ఆ మార్పును 517 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి వద్ద కొలిచి, రాడికల్‌ను సగానికి తగ్గించడానికి ఎంత గాఢత గల సారం అవసరమైందో లెక్కగడతారు. ఆ అంకె ఎంత చిన్నదైతే సారం అంత శక్తిమంతమైనదని అర్థం.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, డీపీపీహెచ్ అనే రాడికల్ మన శరీరంలో ఉండదు. గాజు గొట్టంలో జీర్ణాశయం, పేగు గోడ, కాలేయం ఉండవు. మనం మింగిన పాలీఫినాల్స్‌ (మొక్కల్లోని ఫినాలిక్ పదార్థాలు)లో చాలావరకు రక్తంలోకి చేరవు, చేరిన కొద్దిపాటి భాగాన్ని కూడా పేగు కణాలు, కాలేయం రూపం మార్చేస్తాయి. పాడేరు పసుపుకు ఎంత పేరున్నా, అందులోని కర్‌క్యుమిన్‌కూ ఇదే ఇబ్బంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్‌క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడే అది మనుషుల రక్తంలోకి చెప్పుకోదగ్గంత చేరింది. రెండవది, ద్రావణి మారితే సారమే మారిపోతుంది. మిథనాల్‌లో కరిగేవన్నీ నీటిలో కరగవు. పైగా మిథనాల్ విషం కనుక ఆ సారాన్ని ఎవరూ తాగరు. మీ అమ్మాయి పరీక్షించిన పదార్థం, మీరు తాగుతున్న రసం వేరువేరు.

ఈ కారణాల వల్లనే అమెరికా వ్యవసాయ శాఖ తాను ప్రచురిస్తూ వచ్చిన ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ పట్టికను 2012లో ఉపసంహరించుకుంది. పరీక్షనాళికలో వచ్చిన విలువలకూ మనుషుల ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదనీ, అమ్మకందారులు ఆ అంకెలను దుర్వినియోగం చేస్తున్నారనీ అది తెలిపింది. మరింత గట్టి హెచ్చరిక ఫిన్లాండ్ నుంచి వచ్చింది. అక్కడ 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరిశోధనలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనబడింది. ఆ ఫలితాలు 1994లో వెలువడ్డాయి. ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి వాడేది కూడా వాటినే.

మునగాకును పప్పులోనో వేపుడుగానో తినండి. కాల్షియం, బీటా కెరోటిన్ ఉన్న మంచి ఆకుకూర అది. దాన్ని నమ్ముకుని చక్కెర, రక్తపోటు పరీక్షలు మాత్రం మానవద్దు. మీ అమ్మాయి ప్రాజెక్టు కూడా వృథా కాదు. వందల మొక్కల్లో ఏది ముందుకు తీసుకువెళ్లదగినదో తేల్చే తొలి జల్లెడ అది.

ప్రశ్న: బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వెళ్లినప్పుడల్లా తిప్పతీగ రసం తాగడం కోవిడ్ కాలంలో అలవాటైంది. నాకు థైరాయిడ్ సమస్య ఉంది. కొనసాగించవచ్చా?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: వద్దనే చెబుతాను. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనితో విభేదించి, అదే జాతికి చెందిన వేరే తీగతో పొరపాటు పడి ఉండవచ్చని వాదించింది. ఆ వాదన నిజమే అనుకున్నా, గ్లాసులో పోసిన ఆకుపచ్చ రసం ఏ తీగదో తాగేవారికి తెలిసే మార్గం లేదు. రోగనిరోధక శక్తి సొంత అవయవాలపైనే దాడి చేసే జబ్బులున్నవారు (కొన్ని థైరాయిడ్ సమస్యలు ఈ కోవకే చెందుతాయి) మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి కాలేయ పనితీరు పరీక్ష చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: బిళ్ళగన్నేరు ఆకుల కషాయంతో షుగర్ తగ్గుతుందని మా బంధువులు గట్టిగా చెబుతున్నారు. మాత్రలు మాని అది తాగమంటున్నారు.
– ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: సరిగ్గా ఈ నమ్మకాన్ని పరీక్షించబోయి కెనడా శాస్త్రవేత్తలు క్యాన్సర్ మందును కనుగొన్నారు. మధుమేహానికి ఈ ఆకుల కషాయం తాగే అలవాటు జమైకాలో ఉందని విని, 1950లలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దాన్ని జంతువులకు ఇచ్చి చూశారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు రక్తంలో చక్కెర తగ్గలేదు. సారాన్ని సూదితో ఎక్కించినప్పుడు మాత్రం తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి, ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చనిపోయాయి. ఆ ప్రభావానికి కారణమైన విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని వారు వేరుచేశారు; అదే ఆ క్యాన్సర్ మందు. తరువాత అదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) చికిత్సలో ముఖ్యమైన మందు అయింది. కణ విభజనను ఆపే ఈ మందులను ఆసుపత్రిలో, రక్తకణాల లెక్క చూసుకుంటూ, మిల్లీగ్రాములలో కొలిచి నరానికి ఎక్కిస్తారు. ఇంటి గోడ పక్కన కోసిన గుప్పెడు ఆకుల్లో ఏది ఎంత ఉందో కొలిచే వీలు లేదు కనుక ఆ కషాయం తాగకండి.

మొక్కల మందుపై మీ బంధువులకున్న నమ్మకానికి పునాది లేకపోలేదు. మధుమేహానికి చాలామంది వేసుకునే మెట్‌ఫార్మిన్ పుట్టుక కూడా గలెగా అనే ఐరోపా మొక్కలోని పదార్థంతోనే ముడిపడి ఉంది. ఆ పదార్థం విషపూరితం కావడంతో, దానికి దగ్గరి నిర్మాణమున్న సురక్షితమైన మందును రసాయనశాలలో తయారుచేశారు. మీ మాత్రలు మానవద్దు. ఇప్పటికే కొన్నాళ్లు కషాయం తాగి ఉంటే ఆ సంగతి వైద్యుడికి దాచకుండా చెప్పి, రక్తకణాల పరీక్షతో పాటు మూడు నెలల సగటు చక్కెర పరీక్ష కూడా చేయించుకోండి.