కోడ్ మార్చినా పాత కమాండే నడుస్తుంటే

రిపో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) క్లోన్, అంటే కాపీ, చేసి పైథాన్ కోడ్ మార్చినా, టెర్మినల్‌లో టూల్ పాత అవుట్‌పుటే ఇస్తోందన్నారు. టెన్షన్ పడకండి, మీ కోడ్‌లో తప్పు ఉండకపోవచ్చు. ఇదివరకు ఇన్‌స్టాల్ చేసిన కాపీ ఇంకా సిస్టమ్‌లో ఉండి ఉంటుంది. పాత్ వేరియబుల్ అంటే ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా. అందులో ముందు ఏది దొరికితే షెల్ (టెర్మినల్‌లో మీ కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) దాన్నే నడుపుతుంది. విచ్ కమాండ్ పక్కన టూల్ పేరు ఇస్తే అది ఏ ఫోల్డర్‌లోదో తెలిసిపోతుంది.

ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో వెన్వ్ అనే పైథాన్ టూల్‌తో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్ట్‌కే పరిమితమైన విడి పైథాన్ సెటప్) పెట్టుకుని యాక్టివేట్ చేయండి. పైథాన్ 3.3 నుంచి వెన్వ్ అందులో భాగమే, ఉబుంటు, డెబియన్‌లలో మాత్రం ఆ ప్యాకేజీ విడిగా వేసుకోవాల్సి రావచ్చు. తర్వాత పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) ఇన్‌స్టాల్ కమాండ్‌కు ఎడిటబుల్ ఆప్షన్ జోడించి, చివర ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క అంటే ఇప్పుడున్న ఫోల్డర్.

అసలు పని చేసేది ఈ ఎడిటబుల్ ఆప్షనే. మామూలు ఇన్‌స్టాల్ మీ కోడ్‌ను సైట్ ప్యాకేజెస్ అనే, ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలు ఉండే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది, ఆ తర్వాత మీరు ఎంత మార్చినా ఆ కాపీకి తెలియదు. ఎడిటబుల్ అయితే మీ ఫోల్డర్‌నే చూపిస్తుంది. ఫైల్ సేవ్ చేసి మళ్లీ రన్ చేస్తే చాలు. డిపెండెన్సీలు (మీ కోడ్‌కు కావాల్సిన వేరే ప్యాకేజీలు) గానీ కమాండ్ పేరు గానీ మారిస్తే మాత్రం ఇన్‌స్టాల్ మళ్లీ చేయాలి.

ఎర్రర్ వచ్చిందని సుడోతో (అడ్మిన్ అధికారంతో) పిప్ నడపకండి, దయచేసి. సిస్టమ్ పైథాన్ మీద ఆధారపడ్డ వేరే ప్రోగ్రాములు పాడవచ్చు. ఇంకా పాతదే వస్తుంటే బ్యాష్ (మీ షెల్) టూల్ పాత దారిని గుర్తుపెట్టుకుందేమో, కొత్త టెర్మినల్ తెరిచి మళ్లీ యాక్టివేట్ చేసి చూడండి.